జూబ్లీహిల్స్ – ఫిలింనగర్ : గుట్టల మీద వీధులు

నగరాన్ని వర్ణించడంలో మన ప్రాచీన కవులది అందె వేసిన చేయి. ప్రబంధం అనగానే పురవర్ణన ఉండి తీరవలసిందే. కోటల ఎత్తు, మేడల తెలుపు, ఉద్యానవనాల చల్లదనం, చతురంగ బలాల సందడి ఒకదాని వెంట ఒకటిగా పద్యాలలో సాగిపోతాయి. అయితే ఆ వర్ణనలలో కాలినడకన పోయే సామాన్యుడు అరుదుగా కనబడతాడు. నగరాన్ని నేల మీద నడుస్తూ చూపిన తెలుగు కావ్యం ఏదని అడిగితే ముందుగా చెప్పవలసినది ‘క్రీడాభిరామము’. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో వీధుల వెంట తిరుగుతారు. పూటకూళ్ల ఇంటి భోజనం, కోడిపందెం, జనుల వేషభాషలు, వృత్తులు, వినోదాలు వారి సంభాషణలో మనకు దర్శనమిస్తాయి. ఈ రచన వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వివాదం ఉన్నది. దానిని పండితులకు విడిచిపెడదాం. దశవిధ రూపకాలలో ఇది ‘వీథి’ అనే భేదానికి చెందినది. అదే మాటకు బాట అనే అర్థం కూడా ఉండడం ఎంతో సొగసుగా కుదిరింది.

ఓరుగల్లు వీధులను చూసిన ఆ దృష్టితోనే నేటి హైదరాబాదులోని ఒక భాగాన్ని పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం. ఆ భాగం నగరానికి పశ్చిమాన ఉన్న జూబ్లీహిల్స్, దానిని ఆనుకొని ఉన్న ఫిలింనగర్. అరవై ఏళ్ల కిందట అక్కడ వీధి అనదగినది లేదు. గుట్టలు, బండలు, ముళ్లపొదలు మాత్రమే ఉండేవి.

ముందుగా ఆ బండల మాట చెప్పుకోవాలి. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిలల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు చెబుతారు. భూగర్భంలో కరిగిన రాతిద్రవం నెమ్మదిగా చల్లబడి గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ల కాలంలో కొట్టుకొనిపోగా ఈ శిల బయటపడింది. దానిలో నిలువుగా, అడ్డంగా ఏర్పడిన పగుళ్లలోకి నీరు దిగి, అంచులను కొరికి, మూలలను గుండ్రం చేసింది. మెత్తబడిన భాగం మట్టియై వానలకు జారిపోగా, గట్టి భాగం ఒకదానిపై ఒకటి పేర్చినట్లు మిగిలిపోయింది. ఎవరో రాక్షసుడు ఆడుకొంటూ గుండ్లను నిలబెట్టి పోయినట్లు తోచే ఆ దృశ్యానికి కారణం ఇదే. ఆ గుండ్లను ఎవరూ తెచ్చి పెట్టలేదు. అవి పుట్టిన చోటనే నిలిచి, చుట్టూ ఉన్న నేలను పోగొట్టుకొన్నాయి.

ఇటువంటి చోట ఇల్లు కట్టాలని తలచిన తొలి ప్రముఖులలో నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఒకరు. 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరైనది ఈయనే. నిజాం పాలన కాలంలో ఆయన, లంబాడీ తండాలున్న గుట్టల మీద, బండలను తొలగించకుండానే వాటి నడుమ ఒక భవనం కట్టుకొన్నారు. దానికి ‘బంజారా భవన్’ అని పేరు. బంజారాహిల్స్ అనే పేరులో ఆ తండాల జ్ఞాపకం నిలిచి ఉన్నది. అక్కడి భూముల ధరలను చూస్తే ఆ పేరు గల జనులకు ఇప్పుడు అందులో ఎంత చోటు మిగిలిందో ఊహించడం కష్టం కాదు.

జూబ్లీహిల్స్ కథ బంజారాహిల్స్ తరువాతది. 1960ల తొలి సంవత్సరాలలో ఐ.ఏ.ఎస్. అధికారి చల్లగళ్ల నరసింహం చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. దాదాపు 1,400 ఎకరాల రాతినేల ఆ సంఘానికి దక్కింది. సహకార సంఘం అంటే సభ్యులందరూ కలసి మూలధనం సమకూర్చుకొని, భూమిని స్థలాలుగా విభజించి పంచుకొనే ఏర్పాటు. బాట, నీరు, దీపం ఏవీ సరిగా లేని ఆ గుట్టల మీదికి నివాసానికి రావడానికి మొదట్లో మొగ్గు చూపినవారు కొద్దిమందే. నగరం ఆనాడు మూసీ చుట్టూ, హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉండేది. ఇప్పటికీ ‘జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు’ అని పిలిచే కూడలి పేరు, ఒకప్పుడు అది ఊరి అంచు అన్న సంగతిని పట్టి ఇస్తున్నది. ఊరి అంచున పుట్టిన పేరు ఇప్పుడు ఊరి నడుమ పడింది.

‘జూబ్లీ’ అనే మాట గురించి ఇక్కడ ఒక ముచ్చట. ఇది హీబ్రూ భాషలోని ‘యోబెల్’ నుండి వచ్చింది. దానికి పొట్టేలు కొమ్ము అని అర్థం. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ప్రతి ఏబదవ సంవత్సరం ఆ కొమ్ము ఊదేవారు. నాడు బానిసలు విముక్తులు కావాలి, అమ్ముడుపోయిన భూములు తిరిగి తొలి కుటుంబాలకు చేరాలి. మన జూబ్లీ గుట్టల మీద ఆ కొమ్ము ఎన్నడూ మోగలేదు. ఇక్కడ భూమి చేతులు మారిన కొద్దీ తొలి యజమానికి మరింత దూరమే అయింది.

ఇక చలనచిత్ర పరిశ్రమ రాక. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో తీశారు. అది 1932లో విడుదలైంది. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు సినిమాకు మద్రాసే పుట్టినిల్లు, మెట్టినిల్లు. స్టూడియోలు, ప్రయోగశాలలు, సంగీతకారులు, సాంకేతిక నిపుణులు అందరూ కోడంబాకం, వడపళని ప్రాంతాలలోనే ఉండేవారు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత, తెలుగువారి రాజధాని ఒకచోట, తెలుగు సినిమా మరొకచోట ఉండడం ఎబ్బెట్టుగా తోచింది. ఆ కాలంలోనే అమీర్‌పేట సమీపాన సారథీ స్టూడియో వెలసింది. 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే నిర్మించిన తొలి తెలుగు చిత్రంగా ప్రసిద్ధి పొందింది. అయినా ఒక్క స్టూడియోతో పరిశ్రమ కదలిరాదు. నటుడు ఒంటరిగా రాగలడు గాని సినిమా ఒంటరిగా రాలేదు. దాని వెంట వడ్రంగి రావాలి, దర్జీ రావాలి, దీపాలు మోసేవాడు రావాలి, వంటమనిషి రావాలి.

అక్కినేని నాగేశ్వరరావు 1960ల తొలినాళ్లలోనే హైదరాబాదుకు నివాసం మార్చుకొన్నారు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పారు. ఇరవై రెండు ఎకరాల ఆ స్థలం నాటికి రాళ్ల గుట్టయే. 1983లో కృష్ణ పద్మాలయా స్టూడియోను, 1989లో డి. రామానాయుడు ఫిలింనగర్ గుట్ట మీద తమ స్టూడియోను నిర్మించారు. 1964లో ‘రాముడు భీముడు’తో తమ సురేశ్ ప్రొడక్షన్స్‌ను ఆరంభించిన రామానాయుడు, అత్యధిక చిత్రాల నిర్మాతగా 2008లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. ప్రభుత్వం తన వంతుగా రాయితీలు, ప్రోత్సాహకాలు ఇచ్చింది. చిత్ర పరిశ్రమకు చెందినవారి నివాసాలకూ, సంస్థలకూ జూబ్లీహిల్స్ పక్కన స్థలం కేటాయించింది. ఆ కాలనీకి ఫిలింనగర్ అనే పేరు స్థిరపడింది. ఫిల్మ్ ఛాంబర్ కార్యాలయం, ఫిలింనగర్ సాంస్కృతిక కేంద్రం, దైవసన్నిధానం అనే దేవాలయ సముదాయం అక్కడికి వచ్చాయి. ప్రముఖ నటులు కన్నుమూసినప్పుడు అభిమానుల కడసారి చూపు కోసం పార్థివదేహాన్ని ఛాంబర్ ఆవరణలో ఉంచడం ఒక ఆనవాయితీ అయింది. ఆ దినాన ఫిలింనగర్ వీధులు ఊరందరివీ అవుతాయి. మిగిలిన రోజులలో ఆ ఎత్తైన ప్రహరీల మధ్య నడిచే సామాన్యుడికి ప్రహరీలే కనబడతాయి.

తెలుగు సినిమా నిజమైన వీధి జీవనం చూడగోరేవారు ఫిలింనగర్ గుట్ట దిగి కృష్ణానగర్‌కు రావాలి. యూసఫ్‌గూడ, వెంకటగిరి, ఇందిరానగర్‌లతో కలసిపోయి ఉన్న ఈ బస్తీలో ఒక గదికి ముగ్గురు నలుగురు చొప్పున కుర్రవాళ్లు అద్దెకుంటారు. శ్రీకాకుళం నుండి చిత్తూరు దాకా, ఆదిలాబాదు నుండి మహబూబ్‌నగర్ దాకా అన్ని జిల్లాల యాసలూ అక్కడి టీ కొట్టు దగ్గర వినవచ్చు. నటుడు కావాలని వచ్చినవాడు, పాట రాయాలని వచ్చినవాడు, కథ సంచిలో పెట్టుకొని తిరిగేవాడు, డాన్సు నేర్చినవాడు అందరూ అక్కడే. వారి కోసం మెస్సులు, జిరాక్సు దుకాణాలు, ఫొటో స్టూడియోలు, జిమ్ములు, వేషాలను అద్దెకిచ్చే అంగళ్లు పుట్టుకొచ్చాయి. ఒకే అంగడిలో పోలీసు దుస్తులూ, పూజారి ఉత్తరీయమూ, పాతకాలపు జమీందారు తలపాగా పక్కపక్కన వేలాడుతూ ఉంటాయి.

ఈ వీధికి తెల్లవారేది సూర్యునితో కాదు. చిత్రీకరణకు వెళ్లే యూనిట్ వాహనాలు చీకటితోనే బయలుదేరతాయి. ఆ వేళకు జూనియర్ ఆర్టిస్టులు కూడలి దగ్గర గుమిగూడి ఉంటారు. ఈనాటి సన్నివేశానికి పెళ్లివారు కావాలా, సంతలో జనం కావాలా, కాలేజీ విద్యార్థులు కావాలా అన్నదానిని బట్టి ఏజెంటు మనుషులను ఎంచుకొంటాడు. వయస్సు, రంగు, ఎత్తు, దుస్తులు చూసి ‘నువ్వు రా’ అంటే ఆ పూటకు కూలి దొరికినట్లే. దొరకనివాడు మరొక టీ తాగి గదికి తిరిగి వెళతాడు. ఎంపికైనవాడికి ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం యూనిట్ వారే పెడతారు. తొలి బండి కదిలే లోపల రోడ్డు పక్క బండ్ల మీద ఇడ్లీ పాత్రలు ఆవిరి కక్కుతూ ఉంటాయి. పెనం మీద దోసె వేస్తున్న చేయి ఆగదు. పొద్దు పొడిచేసరికి ఆ బండివారి మొదటి బేరం అయిపోతుంది. కార్యాలయాలకు పోయేవారితో రెండవ బేరం మొదలవుతుంది.

సినిమా పేరు చెబితే మనకు తారలు జ్ఞాపకం వస్తారు. కాని పరిశ్రమ భాషలో ‘ఇరవై నాలుగు శాఖలు’ అనే మాట ఉన్నది. లైట్‌మెన్, సెట్టు కట్టే వడ్రంగులు, రంగులు వేసేవారు, మేకప్, కేశాలంకరణ, కాస్ట్యూములు, డ్రైవర్లు, ప్రొడక్షన్ సహాయకులు, స్టంట్ కళాకారులు ఇలా ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క సంఘం. సంఘం కార్డు లేనిదే పని దొరకడం కష్టం. కార్డు పొందాలంటే సభ్యత్వ రుసుము కట్టాలి. 2025 ఆగస్టులో ఈ కార్మికులు వేతనాలను 30 శాతం పెంచాలని కోరుతూ సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం జోక్యంతో రాజీ కుదిరింది. ఆ రోజులలో నష్టపోయినవారి లెక్కలో నిర్మాతలను అందరూ చేర్చారు. కృష్ణానగర్ మెస్సు యజమానిని చేర్చినవారు తక్కువ. కూలి దొరకని వీధిలో ఇడ్లీ కూడా అమ్ముడుపోదు.

కార్మికుల నివాస సమస్యను గుర్తించిన సినీ ప్రముఖులలో నటుడు, రచయిత డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిని చెప్పుకోవాలి. మణికొండ దగ్గర సినీ కార్మికుల కోసం ఏర్పడిన చిత్రపురి కాలనీ ఆయన పేరుతోనే ఉన్నది.

గుట్టల మీద ఇళ్లు కట్టినవారి గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఇంతటి రాతిని పగులగొట్టనిదే అక్కడ పునాది పడదు. ఉలితో గాళ్లు తవ్వి, ఇనుప మేకులు దిగగొట్టి, సమ్మెటతో దెబ్బ వేసి బండను చీల్చడం తరతరాల నేర్పు. పాలమూరు వైపు నుండీ, ఉత్తరాంధ్ర నుండీ, ఇంకా అనేక చోట్ల నుండీ వలస వచ్చిన కూలీలు ఈ పనులలో చేరారు. పని జరిగిన చోటనే గుడిసె వేసుకోవడం వలసకూలీ అలవాటు. ఒక భవనం పూర్తయి మరొకటి మొదలయ్యే లోపల ఆ గుడిసెలు బస్తీ అయ్యాయి. ఫిలింనగర్ చుట్టూ ఉన్న దీనదయాళ్ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ వంటి బస్తీలలో ఇరుకు సందులు, నిటారు మెట్లు, బండను ఆనుకొని లేచిన గోడలు కనబడతాయి. గుట్ట పైభాగాన ఉన్న ఇంటికి వంటమనిషి, డ్రైవరు, తోటమాలి, కాపలాదారు ఈ సందుల నుండే వెళతారు. రెండు చోట్లకూ నడుమ దూరం నడకలో పది నిమిషాలు ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరులో జారీ చేసిన 58వ నంబరు ఉత్తర్వు, ప్రభుత్వ స్థలాలలో 125 చదరపు గజాల లోపు ఇళ్లు కట్టుకొన్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ చేసే వీలు కల్పించింది. పట్టా చేతికి వచ్చిన ఇంటి గోడకు వెంటనే సున్నం పడుతుంది. పట్టా లేని ఇంటికి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇటువంటి చిన్న విషయాలలోనే చట్టం సామాన్యుడికి అర్థమవుతుంది.

జూబ్లీహిల్స్‌ను వ్యాపార కేంద్రంగా మార్చినది మాత్రం సినిమా కాదు, కంప్యూటరు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దానితో హైటెక్ సిటీకీ, పాత నగరానికీ నడుమ ఉన్న జూబ్లీహిల్స్ ఒక్కసారిగా దారి మధ్యకు వచ్చింది. అంతవరకు 36వ నంబరు రోడ్డు కాలనీలోని ఒక రోడ్డు మాత్రమే. ఇప్పుడు ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం వేలాది ఉద్యోగులు దాని మీదుగా పోవలసి వచ్చింది. జనం పోయే దారిలో అంగడి వెలయడం సహజం. ఆరు వందలు, వేయి గజాలలో తోటతో సహా కట్టుకొన్న ఇంటిని, పిల్లలు విదేశాలలో స్థిరపడిన వృద్ధ దంపతులు నగల దుకాణానికో, బట్టల షోరూముకో, భోజనశాలకో అద్దెకిచ్చారు. ఆ అద్దె వారి పింఛను కంటె అనేక రెట్లు ఎక్కువ. అట్లా ఇవ్వడాన్ని తప్పు పట్టలేము. మొదట ప్రహరీ పోయింది, తరువాత తోట పోయింది. దాని స్థానంలో వాహనాలు నిలిపే గచ్చు వచ్చింది. ముందుగోడ గాజుపలకగా మారింది. పురపాలక సంస్థ కొన్ని రోడ్లను వాణిజ్య రోడ్లుగా ప్రకటించి, రుసుము వసూలు చేసి ఈ మార్పులకు ఆమోదం తెలిపింది. వీధి ముందు మారింది, నిబంధన దాని వెనుక నడిచింది. మన నగరాలన్నింటిలోనూ జరిగేది ఇదే.

ఇక్కడి వీధులకు పేర్లు లేకపోవడం మరొక వింత. పాత నగరంలో వీధి పేరు వింటే ఒక మనిషో, ఒక వృత్తియో, ఒక అంగడియో గుర్తుకు వస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఉన్నవి అంకెలు. ఆ అంకెలైనా వరుసలో ఉండవు. ఒక అంకె పక్కనే తరువాతి అంకె ఉంటుందనుకొని బయలుదేరిన కొత్తవాడు గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు. గుట్ట ఒంపును బట్టి బాట పోయింది, బాటను బట్టి అంకె పడింది.

2019 మార్చిలో అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు నడవసాగింది. యూసఫ్‌గూడ, జూబ్లీహిల్స్ అయిదవ నంబరు రోడ్డు, చెక్‌పోస్టు, పెద్దమ్మగుడి ఈ మార్గంలోని స్టేషన్లు. కృష్ణానగర్ కుర్రవాడికీ, మాదాపూర్ ఉద్యోగికీ ఒకే పెట్టెలో చోటు దొరికిన మొదటి సందర్భం ఇదే కావచ్చు. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన ప్రారంభమై, 45వ నంబరు రోడ్డును చెరువు ఆవలి ఒడ్డుకు కలిపింది. గోలకొండ కోటకు మంచినీరు అందించిన చెరువుగా దుర్గం చెరువుకు చరిత్రలో స్థానం ఉన్నది. నేడు సాయంకాలం దీపాల వెలుగులో ఫొటోలు దిగడానికి జనం అక్కడికి వస్తున్నారు. వంతెన వచ్చిన తరువాత 45వ నంబరు రోడ్డు కూడా ఇళ్లను విడిచి భోజనశాలల బాట పట్టింది.

ఇంత వ్యాపారం పెరిగిన చోట కాలిబాట ఎవరిది అన్న ప్రశ్న తప్పదు. ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చు. కాని దాని మీద సర్వోన్నత న్యాయస్థానం అనేక సార్లు విచారణ జరిపింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమని 1985లో బొంబాయి కాలిబాట నివాసుల వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. వీధిలో సరుకు అమ్ముకోవడం, సహేతుకమైన ఆంక్షలకు లోబడి, 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికి వస్తుందని 1989లో ఢిల్లీ వీధి వర్తకుల వ్యాజ్యంలో చెప్పింది. 2025 మే నెలలో అదే న్యాయస్థానం, పాదచారికి సురక్షితమైన కాలిబాట ఉండడం కూడా 21వ అధికరణంలోని హక్కేనని పేర్కొన్నది. అనగా బండి పెట్టుకొన్నవాడూ, ఆ బండి పక్కగా నడిచేవాడూ ఒకే అధికరణాన్ని చూపి తమ హక్కును చాటవచ్చు.

ఈ రెండింటికీ నడుమ పొత్తు కుదర్చడానికే 2014లో వీధి వర్తకుల చట్టం వచ్చింది. ప్రతి పట్టణంలోనూ ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వర్తకుల ప్రతినిధులు కావాలి, వారిలో మూడవ వంతు మహిళలు కావాలి. అయిదేళ్లకు ఒకసారైనా సర్వే జరగాలి. సర్వే ముగిసి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ తొలగించరాదు. తరువాతనైనా ముప్పది దినాల ముందు తెలియజేయనిదే మరొక చోటికి తరలించరాదు. చట్టం మాటలు చక్కగానే ఉన్నాయి. అయితే వీధిలో దాని బదులు వినవచ్చేవి ట్రాఫిక్ పోలీసు లాఠీ చప్పుడు, బండిని హడావిడిగా తోస్తున్న చక్రాల చప్పుడు. 2022 అక్టోబరులో నగర ట్రాఫిక్ పోలీసులు అక్రమ పార్కింగునూ, ఆక్రమణలనూ తొలగించే ప్రత్యేక కార్యక్రమం చేపట్టారు. అందులో వాహనదారులకూ, దుకాణాలకూ జరిమానాలు పడ్డాయి. బండ్లు కూడా తరలిపోయాయి.

2024 జనవరిలో జరిగిన ఒక సంఘటన ఈ సమస్యకు మంచి ఉదాహరణ. తీగల వంతెనకు ఆవలి వైపు, మాదాపూర్‌లో ఒక మహిళ రోడ్డు పక్కన అన్నం, మాంసాహారపు కూరలు అమ్ముతూ సామాజిక మాధ్యమాల వల్ల ప్రసిద్ధికెక్కింది. తినడానికి వచ్చినవారి వాహనాలతో దారి స్తంభించింది. పోలీసులు ఆ బండిని తీసివేయమన్నారు. వార్త రాష్ట్రమంతా పాకింది. చివరకు ముఖ్యమంత్రి కలుగజేసుకొని, ఆమెను అక్కడే కొనసాగనివ్వమని ఆదేశించారు. ఆమెకు న్యాయం జరిగిందని జనం సంతోషించారు. సంతోషించదగినదే. కాని కెమెరాకు ఎక్కని బండికి ముఖ్యమంత్రి రాడు. చట్టంలోని కమిటీ ఉన్నది అటువంటి బండి కోసమే. ఒకరికి దయగా దక్కినదానిని అందరికీ హక్కుగా దక్కనివ్వడం ఆ కమిటీ పని.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. 36వ నంబరు రోడ్డులో కాలినడకన పోయేవారికి ఎదురయ్యే అడ్డంకులలో ఇడ్లీ బండి ఒకటి మాత్రమే. దుకాణంలోకి కారు ఎక్కడానికి కాలిబాట మీదుగా వేసిన సిమెంటు వాలు, దాని మీద నిలిచిన వాహనం, జనరేటరు పెట్టె, ప్రకటన స్తంభం, ‘ఇక్కడ నిలపరాదు’ అనే ఇనుప బోర్డు కూడా అడ్డంకులే. వాడుకలో ‘ఆక్రమణ’ అనే మాట బండికి అంటుకొన్నంత గట్టిగా సిమెంటు వాలుకు అంటుకోలేదు. బండి మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది. వాలు రాత్రింబవళ్లు అక్కడే ఉంటుంది. నగర రహదారులకు సంబంధించిన జాతీయ ప్రమాణం, కాలిబాటలో అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని చెబుతున్నది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా సుఖంగా పోవడానికి, చక్రాల కుర్చీ కదలడానికి అంత చోటు అవసరం. విద్యార్థులు తమ కళాశాల ముందరి బాటను ఒకసారి టేపుతో కొలిచి చూస్తే ఈ అంకె విలువ తెలుస్తుంది.

వీధుల విస్తరణకు వెల చెల్లించినవి చెట్లు, రాళ్లు కూడా. జూబ్లీహిల్స్‌కూ బంజారాహిల్స్‌కూ నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉన్నది. నిజాం వారసునికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఈ అడవి లోపలనే ఉన్నది. దాదాపు 350 ఎకరాల ఈ అడవిలో నేటికీ నెమళ్లు అరుస్తాయి. దాని చుట్టూ వంతెనలు నిర్మించే ప్రతిపాదన 2016లో వచ్చినప్పుడు, చెట్లను నరకవద్దని పౌరులు ఉద్యమించారు. జాతీయ హరిత న్యాయస్థానం ఆ పనులకు అడ్డు చెప్పింది. 2024 డిసెంబరులో ఉద్యానవనం చుట్టూ ఉన్న కూడళ్లలో వంతెనలు, అండర్‌పాస్‌లకు మరల శంకుస్థాపన జరిగింది. రాళ్ల తరఫున మాట్లాడడానికి 1996లో ఒక పౌరసంఘం ఏర్పడింది. దాని ప్రయత్నం వల్ల నగరంలోని కొన్ని శిలాసముదాయాలు వారసత్వ సంపదగా గుర్తింపు పొందాయి. చెట్టును నరికితే మరొకటి నాటవచ్చు. 250 కోట్ల ఏళ్ల బండను కంకరగా మార్చిన తరువాత దానికి ప్రత్యామ్నాయం లేదు.

సినిమా కూడా ఈ గుట్టలను కొద్దికొద్దిగా దాటిపోతున్నది. 1996లో నగరానికి తూర్పున రామోజీ ఫిలింసిటీ వెలసినప్పుడే భారీ సెట్లు అటు తరలాయి. ఫిలిం రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు రావడంతో ప్రయోగశాలల పాత పని ముగిసింది. ఆకుపచ్చ తెర ముందు నటించి, వెనుక నగరాన్ని కంప్యూటరులో కట్టే విద్య పెరిగింది. ఆ విద్యకు గుట్ట మీది స్టూడియో అక్కర లేదు, గాజు భవనంలో ఒక అంతస్తు చాలు. ఒక ఎకరం ధర ఇంతగా పెరిగిన తరువాత, ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉండే చిత్రీకరణ మందిరాన్ని ఆ స్థలంలో ఉంచుకోవడం యజమానికి భారమే. కృష్ణానగర్ మాత్రం కదలలేదు. అక్కడి గది అద్దె, అక్కడి మెస్సు భోజనం, అక్కడి నుండి ఏ స్టూడియోకైనా పోగల వాహనం మరొక చోట ఇంత దగ్గరగా దొరకవు. మెట్రో స్తంభాల కింద ఇడ్లీ బండ్లు ఇప్పటికీ చీకటితోనే వెలుగుతున్నాయి. అప్పుడే ఊరి బస్సు దిగిన కుర్రవాడు, భుజాన సంచితో, గది ఎక్కడ దొరుకుతుందని ముందుగా అడిగేది ఆ బండివారినే.